రెండు మూరల గొట్టం

మార్చి 3, సోమవారం

మా ఊరికి కుళాయి వచ్చింది. రాష్ట్ర మంత్రి వచ్చాడు. చమురు కంపెనీ నుంచి ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళకి గొడుగులు పట్టడానికి నలుగురు మనవాళ్ళు. నా మూడో తరగతి పిల్లలు పొద్దున్నుంచీ ఎండలో నిలబడి పాట పాడారు. ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. మంత్రి ఉపన్యాసం ఆగలేదు.

దౌటిమి కొత్త టోపీ పెట్టుకుని అటూ ఇటూ పరుగులు పెట్టాడు. దౌటిమి నా మొగుడు, కంపెనీలో లయజన్ ఆఫీసర్. అంటే కంపెనీ మాట ఊరికి చేరవేస్తాడు. ఊరి మాట కంపెనీకి చేరుతుందో లేదో నాకు తెలియదు.

మంత్రి కుళాయి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. తేట నీళ్ళు, కిరసనాయిలు వాసన లేని నీళ్ళు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను. మంత్రి చేతులు కడుక్కోబోతుంటే మా అత్త ముందుకెళ్ళి కుళాయి కింద కాళ్ళు పెట్టేసింది. ఊరంతా ఆమెని మామా ఓయింకురో అంటుంది, మా వైపు మామా అంటే అమ్మ. "మీకు ఇంటి దగ్గర ఉంటాయిగా బాబూ, కాస్త ఆగండి" అంది. అందరూ నవ్వారు. తెల్లవాళ్ళు కూడా నవ్వారు, అర్థం కాకపోయినా.

కుళాయి పక్కన కట్టిన ట్యాంకు కన్నా పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద కంపెనీ పేరు.

మార్చి 5, బుధవారం

కుళాయిలో నీళ్ళు లేవు.

మార్చి 7, శుక్రవారం

ఇంకా లేవు. దౌటిమిని అడిగాను. పంపు పాడైందట, మెకానిక్ వస్తున్నాడట. నా వైపు చూడకుండా గోడకి చెప్పాడు.

వానాకాలంలో పట్టిన నీళ్ళ డ్రమ్ములు అడుగంటాయి. జనవరిలో కంపెనీ చమురు పైపు పగిలినప్పటి నుంచి ఏటి మీద నూనె తెట్టు తేలుతోంది. పైపు దొంగలు కోశారు కాబట్టి శుభ్రం చెయ్యడం మా పని కాదు అంది కంపెనీ. తెట్టు పక్కకి తోసి ముంచుకుని, గుడ్డలో వడగట్టి తాగుతున్నాం. దేశమంతా మా నూనె మీద నడుస్తోంది. మేం ఆ నూనెని గుడ్డలో వడగడుతున్నాం.

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి రాగానే అత్త గునపం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు. మంచి బట్టలు కూడా విప్పలేదు. ట్యాంకు గొట్టం నేలలోకి దిగే చోట తవ్వింది. జనం మూగేసరికి గొట్టం చివర కనిపించింది.

రెండు మూరలు. అంతే. బోరు లేదు, ఏమీ లేదు. గొట్టం బురదలోకి దిగి ఆగిపోయింది.

కర్రపెండలం దుంప పీకినట్టు ఒంటి చేత్తో పీకేసింది. భుజాన వేసుకుని ఊరంతా తిరిగింది. "చూడండ్రా, మన బావి! పిల్లలు ఆడుకోడానికి ఇస్తా, రండి!" అని అరుస్తూ.

ఇంట్లో దౌటిమిని నిలదీశాను. ప్రారంభోత్సవం ముందు రోజు బార్జి మీద, అదే పెద్ద సరుకు పడవ మీద, నీళ్ళు తెచ్చి ట్యాంకు నింపారట. బోరు రెండో విడతలో వేస్తారట. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి ముందు ఫోటోలు కావాలన్నారట. "నీకు తెలుసా?" అన్నాను. తెలుసన్నాడు. "నేను వద్దంటే ఇంకొకడిని పెట్టుకుంటారు లయేఫా, వాడు మన ఊరివాడు కూడా కాడు" అన్నాడు.

అదేదో మాకు ఉపకారం చేసినట్టు!

టోపీ తీసి పులుసు గిన్నెలో పడేశాను. ఆ పులుసు ఎవరూ తినలేదు.

మార్చి 13, గురువారం

క్లాసులో సగం మంది లేరు. వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నం బోదిసె ఇంటికి వెళ్ళాను. బోదిసె, నేను ఒకే ఏడాది పుట్టాం, ఒకే పడవలో బడికి వెళ్ళాం. దాని కూతురు తరిలా చాప మీద పడుకుని ఉంది. నా క్లాసులో ముందు వరస పిల్ల, చెయ్యి ఎత్తకుండానే జవాబు చెప్పేస్తుంది. ఈ రోజు "టీచర్" అనడానికి కూడా నోట్లో తడి లేదు. ఉప్పు, పంచదార కలిపి ఇచ్చాను. ఏ నీళ్ళలో కలిపాను? ఆ ఏటి నీళ్ళలోనే.

రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తాం.

మార్చి 14, శుక్రవారం

రాయలేను.

మార్చి 15, శనివారం

రాస్తాను. రాయకపోతే ఇదీ పోతుంది.

పడవకి ఇంజను ఉంది. పెట్రోలు లేదు. నెల రోజులుగా ఈ ఏటి పొడవునా ఎక్కడా చుక్క పెట్రోలు దొరకడం లేదు. మా కాళ్ళ కింద నుంచి తోడుకుని వెళ్ళిన నూనె, ఎక్కడో విదేశంలో శుద్ధి అయి, ఓడ ఎక్కి తిరిగి రావాలట. రాలేదట. అందుకని నిన్న పొద్దున్న తెడ్లు వేశాం. నేను, బోదిసె, అత్త. తరిలా మధ్యలో, అరటాకు నీడలో.

దారిలో స్టేషన్ వస్తుంది. చమురు తోడే కంపెనీ స్టేషన్, చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ని రాత్రీ పగలూ మంటపెట్టేది అక్కడే. లోపల వాళ్ళ నర్సు ఉంటుంది, స్పీడు బోట్లు ఉంటాయి. పడవని జెట్టీకి ఆనించాక బోదిసె పిల్లని పైకెత్తి చూపించింది. "ఒక్క డబ్బా పెట్రోలు ఇవ్వండి, లేకపోతే మీ నర్సుకి ఒక్కసారి చూపించండి" అంది. గార్డు మంచివాడే, వాడి ముఖంలో జాలి కనిపించింది. లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు. "బయటివాళ్ళని రానివ్వడానికి ఆర్డర్ లేదమ్మా" అన్నాడు.

బయటివాళ్ళు! మా తాతలు వల వేసిన చోట వాళ్ళు జెట్టీ కట్టారు. బయటివాళ్ళం మేము.

జెట్టీ మీద నీళ్ళ మిషను ఉంది. కూలీలు ప్లాస్టిక్ గ్లాసుల్లో చల్లటి నీళ్ళు పట్టుకుంటున్నారు. ఒకడు సగం తాగి మిగతావి ఏట్లో పారబోశాడు. అది నా కళ్ళతో చూశాను.

మళ్ళీ తెడ్లు వేశాం. రెండు మలుపులు దాటాక బోదిసె తెడ్డు ఆపేసింది. "లయేఫా, ఇక తొందర లేదు" అంది. అంత మామూలుగా అంది.

పడవ వెనక్కి తిప్పాం. మళ్ళీ ఆ స్టేషన్ ముందు నుంచే వచ్చాం. గార్డు మా వైపు చూసి టోపీ తీశాడు. ఆ టోపీతో ఏం చేసుకోను?

మార్చి 17, సోమవారం

ఈ రోజు బడి లేదు. ఆడవాళ్ళందరం పడవలెక్కి స్టేషన్‌కి వెళ్ళాం. అత్త ముందు పడవలో నిలబడింది, భుజాన ఆ గొట్టం. మగవాళ్ళని రావద్దంది. "మీరొస్తే కాలుస్తారు. మేమొస్తే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలియదు" అంది.

నిజంగానే తెలియలేదు. జెట్టీ మీద చాపలు పరుచుకుని కూర్చున్నాం. పొయ్యి పెట్టి, బజారులో కొన్న ఎండుచేపలు కాల్చాం. కొందరం హెలికాప్టరు దిగే చోట బట్టలు ఆరేశాం. డ్యూటీ మారడానికి వచ్చిన బోటు మమ్మల్ని చూసి తిరిగి వెళ్ళిపోయింది. లోపలున్నవాళ్ళు బయటికి రాలేరు, బయటివాళ్ళు లోపలికి పోలేరు.

కాపలా సైనికులు వచ్చారు. కుర్రాళ్ళు, ఉత్తరాది వాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు "మామా, దయచేసి లేవండి, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. "పోతే మా ఊరు రా నాయనా, చేపలు పట్టడం నేర్పిస్తా. చేపలు మాత్రం లేవు" అంది అత్త.

మేమడిగింది ఒక్కటే. బోరు వెయ్యండి. వేసేదాకా లేవం.

బోదిసె ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్ళ మిషను పక్కనే కూర్చుంది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

మార్చి 18, మంగళవారం

మధ్యాహ్నం వార్తలు. గార్డు రేడియోలో విన్నాం. మహిళలతో చర్చలు ఫలించాయట. మహిళా నాయకురాలు మామా ఓయింకురో కంపెనీ హామీలకి సంతృప్తి తెలిపి ఆందోళన విరమించారట.

అత్త ముక్కు మీద వేలేసుకుంది. "ఏమే లయేఫా, నేనెప్పుడు ఒప్పుకున్నానే? నిద్రలోనా?" అంది.

ఎవరూ నవ్వలేదు. బోదిసె లేచి అత్తనే చూస్తోంది. వెనక ఎవరో అన్నారు: కొడుకు కంపెనీ మనిషి కదా, ఇంట్లోనే బేరం కుదిరి ఉంటుంది. ఇంకొకరు చాప చుట్టడం మొదలుపెట్టారు. ఇంత సులువుగా మమ్మల్ని విడగొట్టగలరా? ఒక్క వార్తతో?

సరిగ్గా అప్పుడే కంపెనీ బోటు వచ్చింది. దౌటిమి దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మైకు. పది అడుగుల దూరంలో ఉన్న తల్లితో మాట్లాడటానికి మైకు! హామీ వచ్చింది, ఆర్నెల్లలో బోరు పడుతుంది, అందరూ ఇళ్ళకి వెళ్ళాలి అన్నాడు. అత్త అడిగింది, "రేడియోకి నా పేరు ఎవరిచ్చారు?" మైకు దించాడు. "నీ మంచికేనమ్మా. సైన్యం పెద్ద బోట్లు పంపిస్తోంది. నీకు దెబ్బ తగలకూడదని" అన్నాడు.

అత్త లేచింది. ముందు గొట్టం కింద పెట్టింది. తర్వాత నడుముకి చుట్టుకున్న గుడ్డ ముడి విప్పింది.

ఇంత వయసున్న తల్లి కొడుకు ముందు అలా నిలబడటం అంటే ఏమిటో మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. అంతకన్నా పెద్ద శాపం లేదు, దాని గురించి గుసగుసగా కూడా మాట్లాడుకోం. సైనికులు ముఖాలు తిప్పేసుకున్నారు. ఒకడు ఏట్లోకే దూకేశాడు. దౌటిమి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరు" అంది. "నువ్వు ఏ దారిన ఈ లోకంలోకి వచ్చావో చూడు. ఆ దారి ఇక నీది కాదు. నీకు తల్లి లేదు."

కేక వెయ్యలేదు. బజారులో చేపల ధర చెప్పినట్టు చెప్పింది.

దౌటిమి మోకాళ్ళ మీద పడ్డాడు. ఇద్దరు కూలీలు వాణ్ణి బోటులోకి మోసుకెళ్ళారు. మైకు జెట్టీ మీదే ఉండిపోయింది. బోదిసె ఆ గుడ్డ తీసి, అత్త నడుముకి తనే చుట్టింది. చాప చుట్టినామె మళ్ళీ పరిచింది.

వాడు నా మొగుడు. వాడి కోసం ఏడుపొచ్చింది. వాడి మీద కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదు.

మార్చి 19, బుధవారం

లోపలి మనుషులు నిద్ర లేక తూలిపోతున్నారు. సాయంత్రం ఎర్రముఖం ఇంజనీరు బయటికి వచ్చి, ఇలాగైతే ప్రమాదం, స్టేషన్ ఆపేస్తున్నా అన్నాడట.

నేను అప్పుడే ఊరికి వచ్చాను, జెట్టీ మీద వాళ్ళకి గారీ, అదే వేయించిన కర్రపెండలం రవ్వ, పట్టుకెళ్ళడానికి. అత్త కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు వెలిగించారు స్టేషన్ గ్యాస్ మంటని. రోజూ ఊరంతటినీ రాగి రంగులో ముంచేది. మాకు కరెంటు లేదు, రాత్రీ లేదు. దాని హోరు మా చెవులకి ఎంత అలవాటంటే అది చప్పుడని మేం మర్చిపోయాం.

ముందు హోరు తగ్గింది. మంట కుంచించుకుపోయి వేలంత అయింది. తర్వాత లేదు.

చెవులు నొప్పెట్టాయి, అంత నిశ్శబ్దం. తర్వాత కప్పలు. అవి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా?

పిల్లలు ఏడుస్తూ ఇళ్ళలోంచి పరిగెత్తుకొచ్చారు. ఒకడు నా గౌను పట్టుకుని, "టీచర్, నా కళ్ళు పోయాయి" అన్నాడు. పోలేదురా, దీన్ని చీకటి అంటారు అని చెప్పాను. మూడో తరగతి పిల్లలకి చీకటి అంటే ఏమిటో పాఠం చెప్పాల్సి వచ్చింది. పైన చుక్కలు చూపించాను. నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఆ నిలబడ్డవాళ్ళలో తరిలా లేదు.

మార్చి 21, శుక్రవారం

తుపాకీ బోట్లు వచ్చాయి. వీళ్ళు వేరే సైనికులు, మామా అని పిలవలేదు. కళ్ళు మండే పొగ వదిలారు. జుట్టు పట్టి పడవల్లోకి ఈడ్చారు. బోదిసె నీళ్ళ మిషనుని కౌగిలించుకుంది, మిషనుతో సహా లాగి పడేశారు. అత్త ముంజేయి విరిగింది. గొట్టాన్ని ఏట్లోకి విసిరేశారు.

చీకటి పడకముందే మంట మళ్ళీ వెలిగింది.

మార్చి 24, సోమవారం

బార్జి వచ్చింది. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు, ప్రతి సంచి మీదా కంపెనీ గుర్తు. ఊరి సహకారానికి కృతజ్ఞతలట. పిల్లలకి దాహం, తాగించాం. తాగించినందుకు నా మీద నాకే మంట.

మార్చి 29, శనివారం

దౌటిమి వచ్చాడు. గడప దాటలేదు. ఎండలో నిలబడ్డాడు. గడ్డం మాసింది, అన్నం తిన్నట్టు లేదు. అత్త కట్టుతో ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వాడి వైపు చూడలేదు. నాతో అంది: "ఎవరో వచ్చారు, ఏం కావాలో అడుగు."

క్షమించమన్నాడు. అత్త నాకే చెప్పింది, నేను వాడికి చెప్పాను: "ఆ గొట్టం లోతు ఎంతో నీకు ఎప్పటి నుంచి తెలుసో, నీకు ఎవరు చెప్పారో, నలుగురి ముందు చెప్పు. ఆ తర్వాత క్షమాపణ గురించి ఆలోచిస్తా. ఇప్పుడే ఇస్తానని మాత్రం అనడం లేదు."

ఉద్యోగం పోతుందని వాడు అనలేదు. అది గమనించాను.

ఏప్రిల్ 5, శనివారం

చెప్పాడు. చుట్టుపక్కల మూడు ఊళ్ళ వాళ్ళని పిలిచారు. మైకు లేకుండా మాట్లాడాడు. మా కుళాయి ఒక్కటే కాదన్నాడు. ఈ ఏటి మీద ప్రతి కుళాయీ అలాంటిదేనన్నాడు. ఎవరెవరు ఎప్పుడు బార్జి పంపారో పేర్లతో సహా చెప్పాడు. ఎవడో వాడి ముఖాన ఉమ్మేశాడు. తుడుచుకుని మళ్ళీ చెప్పాడు.

మీటింగు సగంలోనే పక్క ఊళ్ళ ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. కోపంతో అనుకున్నాను. గునపాల కోసమట.

సాయంత్రానికి కబురు వచ్చింది. ఒక ఊళ్ళో మూడు మూరలు. ఇంకో ఊళ్ళో రెండు. మూడో ఊళ్ళో గొట్టమే లేదు, కుళాయిని సిమెంటు దిమ్మకి అతికించారు.

అత్త వాడికి పళ్ళెంలో గారీ పెట్టించింది. బయట, గడప అవతల. తన చేత్తో పెట్టలేదు. వాడు ఏడుస్తూ తిన్నాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఎల్లుండి స్టేషన్‌కి వెళ్ళడానికి నాలుగు ఊళ్ళ పడవలు సిద్ధమయ్యాయి. అత్త ఒంటి చేత్తో తెడ్డు వేస్తానంటోంది. బోదిసె నవ్వింది, చాలా రోజుల తర్వాత.

ఈ రోజు క్లాసులో ఒక పిల్ల చెయ్యి ఎత్తింది. "టీచర్, చీకటి మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

గురువారం అని చెప్పాను.