మామయ్య గోలీ ఈ పూట నీ వంతు

ఆరోన్,

నాచారం కంపెనీల షిఫ్ట్ దిగి రాంగనే పండుకోకు. ముందుగాల మామయ్యకు గ్యాస్ గోలీ ఇయ్యి, కడుపుల పుండు ఇంక మానలే. పరగడుపునే ఇయ్యాలె. నలగ్గొట్టకు, నీళ్లతోని మొత్తం మింగిపియ్యి. తర్వాత అర్ధగంట ఏం పెట్టొద్దు. "జర చాయ్ పొయ్యి కొడుకా" అని బతిమిలాడుతరు, కరగకు. అత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టకముందే గోలీ ఇస్తే, ఆమెన్ అనేసరికి టైమ్ అయితది, అప్పుడు ఇడ్లీ పెట్టు. గులాబీ రంగు సిరప్ మాత్రం మిగతా మందులతోని కలిపి ఇయ్యకు, రెండు గంటలు ఆగు. మోషన్ నల్లగ వస్తే నాకోసం సూడకు, సీదా దవాఖానకు తీస్కపో.

వార్డుల మేము డ్యూటీ దిగేటప్పుడు, తర్వాత వచ్చిన సిస్టర్‌కు పేషెంట్ల సంగతంతా ఒప్పజెప్తం. "సరే, ఇగ నువ్వు పో" అని ఆమె అన్నంకనే కదులుతం. ఇంట్ల నాకు ఆ మాట అనేటోళ్లు లేరు. "మరియా నర్సే గదా, సూస్కుంటది" అంటరు మీరంత. పెండ్లయిన కాన్నుంచి నేను డ్యూటీ దిగనే లేదు. అందుకే ఇయ్యాల ఈ చీటీల నీకు ఒప్పజెప్తున్న.

అత్తమ్మకు చెప్పకు, ఇయ్యాల నాకు వీక్ ఆఫ్. అయినా యూనిఫాం ఏసుకొనే బయటపడ్డ. ఉప్పల్‌ల మెట్రో ఎక్కి ఆ కొస దాక పోత. అక్కడ నాకు పని లేదు, తెలిసినోళ్లు లేరు. ఒక చాయ్ తాగి మళ్ల ఎక్కుత.

మరియా

రాత్రి గోలీకి ఫికర్ చెయ్యకు. వచ్చి నేనే ఇస్త.