నీ చీర ముక్కల్లో పుస్తకాలు

రత్నమ్మా, నువ్వు లేని ఇంట్లో ఈ పుస్తకాలు ఇంకా ఎవరి కోసం పోగేస్తున్నాను? చదువు రాకపోయినా ఒక్కో పుస్తకాన్ని ఒక్కో పాత చీర ముక్కలో చుట్టి, రంగు చూసి నాకు అందించేదానివి. నువ్వు పోయాక వచ్చినవన్నీ నేను తెల్లగుడ్డల్లోనే చుట్టాను. ఇవాళ లింగాల ఊళ్లో సువార్త చెబుతూ ప్రవక్తల గురించి గొంతు చించుకుని, వాళ్ల మాటలు చదవడానికి మూట విప్పితే పాటల పుస్తకం బయటపడింది.

"ప్రవక్తలు గిట్ల పాటలు పాడిండ్రా అయ్యగారూ?" అని ఒకతను నవ్వాడు.

ఇంటికొచ్చాక ఈ సంగతి విని మా చెల్లెలు నీ పెట్టె తెరిచింది.

"వదినది ఒక్క చీర మిగిలింది అన్నా, అంచొక రంగు, కొంగొక రంగు. చింపనా? రంగు చూసి గుర్తుపడ్తవు."

బైబిల్లో యోబుకు పోయినవన్నీ తిరిగొచ్చాయని ఎన్నో ఊళ్లలో చెప్పాను. ఆ చీర ముందు ఆ మాట నోట రాలేదు.

"చీర ముట్టకు," అన్నాను. "పుస్తకాలే పంచెయ్. రేపనకు, ఇయ్యాల్నే తీస్కపో."