ముల్లు లేని మొలక

రాహేలూ,

ప్రభువు దయవల్ల ఊపిరితో ఉన్నాం, అంతకుమించి రాయలేను. సోలాపూర్‌లో మీ అక్కకు ఆపరేషన్ కుట్లు మానుతున్నాయని నీ ఉత్తరంలో చదివి ఊరట కలిగింది. నా మోకాలి నొప్పి గురించి అడిగావు, ఫరవాలేదు. గులాబీల పిచ్చి తగ్గిందా అనీ అడిగావు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబుదామంటే మన బిడ్డ స్వీటీ పక్కనే ఉంటోంది.

మొగ్గకు నాచు పట్టినట్టు నూగుండే ఆ గులాబీకి ఎనిమిదేళ్లుగా వేరే గులాబీల పుప్పొడి అద్ది, కాగితం సంచులు కట్టి, గింజలు నాటుతున్నాను కదా. ఈసారి నలభై మొలిస్తే, వాటిలో ఒకే ఒక్క మొలకకు ముల్లే లేదు. కాండమంతా మెత్తటి నూగు, ముట్టుకుంటే వేళ్లకు నిమ్మవాసన. రోజూ భూతద్దం పెట్టి చూసుకునేవాణ్ణి.

ఆదివారం చర్చి నుంచి రాగానే అల్లుడు వివేక్ తాగి ఇంటి మీదికొచ్చాడు.

"నడువ్ ఇంటికి! గీడెన్ని దినాలు పడుంటవే?" అంటూ స్వీటీని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. తల గోడకేసి కొట్టాడు. పెదవి చీలి రక్తం కారింది. "బాపూ!" అని అరిచింది. తర్వాత నేను పార ఎత్తాను. మొదటి దెబ్బకే వాడి మోచెయ్యి విరిగింది. కింద పడ్డాక కూడా కొట్టాను. పళ్లు రాలాయి. పక్కింటి ఆగయ్య వెనక నుంచి పట్టుకుని, "సచ్చిపోతడు, ఇడ్వు అన్నా!" అని లాగకపోతే చంపేసేవాణ్ణి. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. నా మీద కేసు పెట్టారు.

ఇదంతా నీకు ఫోన్‌లో తెలిసిందే. తెలియనిది ఒకటుంది. స్వీటీ అరిచినప్పుడు నేను నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడే ఉన్నాను. "మెల్లగ మాట్లాడుకోరాదు, లొల్లి ఎందుకు?" అన్నాను. వాడు మళ్లీ కొట్టాడు. అప్పుడూ కదల్లేదు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకులే అనుకున్నాను. నెల కిందట అది ఇంటికొచ్చినప్పుడు చేతి మీది కమిలిన మచ్చలు కళ్ల ముందే ఉన్నా, ఎలా వచ్చాయని ఒక్కరోజు అడగలేదు.

ఇంతలో వాడి బూటు వాకిట్లో ఉన్న ఆ ముల్లు లేని మొలక మీద పడింది. నలిగిన కాండం చూశాక నాకు ఒళ్లు తెలియలేదు. నేను కొట్టింది మొక్క కోసం, రాహేలూ. బిడ్డ కోసం కాదు.

స్వీటీకిది తెలియదు. నిన్న నాకు అన్నం కలిపి పెడుతూ, "నా కోసం జైలుకు గూడ పోతవా బాపూ? ఇగ నాకేం ఫికర్ లేదు" అంది. వాచిన పెదవితోనే నవ్వింది.

"పోత బిడ్డా" అన్నాను.

నువ్వు త్వరగా రా. దాని మొహం చూడాలంటే నాకు భయంగా ఉంది.

ఇట్లు,
నీ పెనిమిటి
సామ్యూల్
హుస్సేనీ ఆలం