తల మీది తడి

ఆదివారం.

బాప్తిస్మం తీసుకున్నాక ఈరోజే మొదటిసారి ప్రభు బల్లలో పాలుపొందాను. రొట్టె ముక్క చేతిలో పెట్టగానే కళ్లకద్దుకున్నాను. ద్రాక్షరసం తాగుతుంటే వేళ్ల మీద రెండు చుక్కలు ఒలికాయి. గుడిలో తీర్థం తీసుకున్నట్టే ఆ తడిని తలకు రాసుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు, నన్నడగకుండానే చెయ్యి లేచింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆరాధన అయ్యాక పాస్టరమ్మ దగ్గరికి వెళ్లి, "నేనింకా మారలేదేమో అమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మారినవని దేవుడు పిలిచిండా బిడ్డా? ఉన్నదున్నట్టు పిలిచిండు. గదే కృప. ఫికర్ చెయ్యకు."

అక్కడ వింటుంటే కడుపు నిండినట్టే ఉంది. మట్టెవాడలో ఇంటి ముందు ఆటో దిగేసరికి మళ్లీ అనుమానం మొదలైంది. ఊరికే ఇచ్చేదే కృప అయితే పరీక్ష రాస్తున్నట్టు నాకీ భయం ఎందుకు? ఉన్నదున్నట్టు అంటే, అసలు నేనెలా ఉన్నానని? కళ్లకద్దుకున్నదాన్నా, సిగ్గుపడ్డదాన్నా?

సాయంత్రం అమ్మ పక్కింటి వ్రతానికి వెళ్లి తీర్థం తెచ్చింది. "జర చెయ్యి పట్టు" అంటూ వచ్చి, చటుక్కున ఆగిపోయింది.

"మర్చిపోయిన బిడ్డా. నువ్వు తీసుకోవ్ గదా."

గిన్నె కొంగుచాటున పెట్టుకుని లోపలికి వెళ్లింది. కోపం కూడా చూపలేదు. నా చెయ్యి అప్పటికే చాచి ఉంది.

పొద్దున ప్రభు బల్ల దగ్గర చాచిందీ ఈ చెయ్యే. ప్రభువా, నువ్వు పిలిచింది దీన్నేనా?