సన్నబడ్డ కబురు

మసాకా,
ఆగస్టు 11, 2019, ఆదివారం.

నాన్నకు అక్కవై, నాకు అమ్మవైన నకిమెరత్తకు,

నీ మేనకోడలు నల్వోగ మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తోంది. ఎలా ఉన్నావు? కాఫీ తోట ఎలా ఉంది? నీ చెవులు ఎలా ఉన్నాయి? మోకాళ్ళ మీద కూర్చున్నానని మర్యాదకు రాయలేదత్తా. నిజంగానే కూర్చున్నాను, గోడ పట్టుకోకుండా లేచాను కూడా. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. నేను గొంతు చించుకుంటే నీకంటే ముందు బజారంతా వింటుంది.

నిన్న వ్యాను డ్రైవరు లుబోవ నువ్వు పంపినవన్నీ దింపాడు. డబ్బా నెయ్యి, పల్లీల ముద్ద, కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట. మీ అత్త ఏడుస్తోంది, ఇవన్నీ నువ్వు తిని తీరాలంది అన్నాడు. ఎందుకయ్యా ఏడుపు అంటే కాసేపు నసిగి, నువ్వు చిక్కిపోయావని నేనే చెప్పానక్కా, నోరు జారింది అన్నాడు. వాడి వ్యానుకైనా బ్రేకులున్నాయి గాని వాడి నోటికి లేవు.

అత్తా, ముందు ఈ మాట విను. నాకు జబ్బు తిరగబెట్టలేదు. మందులు ఒక్క పూట కూడా మానలేదు. నేను సన్నబడింది కావాలనే. కావాలని, చెమటోడ్చి, నోరు కట్టుకుని సన్నబడ్డాను. ఏడుపు ఆపి, కళ్ళద్దాలు తుడుచుకుని మిగతాది చదువు.

మన దగ్గర హెచ్‌ఐవికి జనం పెట్టిన పేరే సన్నబడే జబ్బు కదా. పదిహేనేళ్ళ కిందట నీ ఇంట్లో చాప మీద ఎముకల మూటలా పడి ఉన్నాను. మందులు మన ఊరి దాకా వచ్చేవరకు నన్ను పట్టి ఉంచింది నీ చేతి గంజే. లేచి తిరిగాక నాకు మిగిలింది ఒక్కటే భయం, మళ్ళీ సన్నబడితే ఎలాగని. అద్దంలో మెడ ఎముక కాస్త కనిపిస్తే చాలు, ఆ పూట రెండు పళ్ళేల అరటి ముద్ద లాగించేదాన్ని. టీలో చక్కెర సంగతి అడక్కు. ఒళ్ళు పెరిగేకొద్దీ ధైర్యమూ పెరిగింది. బజారులో నా హోటలుకొచ్చినవాళ్ళు నన్ను చూసి, వండే మనిషి ఇంత నిండుగా ఉందంటే వంట ఎలా ఉంటుందో అనుకుని కూర్చునేవాళ్ళు. ఈ కొవ్వు వెనక నా గుట్టు ఎవరికీ కనబడదని హాయిగా ఉన్నాను.

పోయిన ఏడాది పాదాలకు స్పర్శ తగ్గింది. పొయ్యిలోని నిప్పు కాలి మీద పడితే వాసన వచ్చేదాకా తెలియలేదు. మందులిచ్చే నర్సు ఉంది, పేరు అకెల్లో, ఆమె పరీక్షలు చేయించి, షుగరు, బీపీ రెండూ ఉన్నాయంది. ఒక జబ్బును దాచుకోవడానికి ఇంకో రెండింటిని మేపావా తల్లీ, ఒళ్ళు తగ్గించకపోతే ముందు కాళ్ళు, తర్వాత కళ్ళు అంది. సన్నబడితే జనం ఏమంటారో నీకు తెలియదా అన్నాను. ఆ జనం వచ్చి నీకు కాళ్ళు పెడతారా అంది.

చక్కెర మానేశాను. ముద్ద తగ్గించి ఆకుకూర పెంచాను. మరి ఒళ్ళు కదపడం ఎలా? నా వయసు ఆడది పొద్దున్నే వీధిలో పరుగెత్తితే ఎవరు పోయారని అడుగుతారు. అందుకని తలుపేసుకుని, చిన్నప్పుడు నువ్వు నేర్పిన బాకిసింబ నాట్యం ఆడాను. గుర్తుందా, తల మీద నీళ్ళ కుండ పెట్టి, నడుం ఆడాలి గాని భుజాలు కదలకూడదనేదానివి. చుక్క ఒలికితే జెల్ల కొట్టేదానివి. మొదటి వారం నాలుగు అడుగులకే మంచం మీద కూలబడ్డాను. అబ్బ, ఎంత సిగ్గేసిందో! ఇప్పుడు పొయ్యి అంటించే లోపు రెండు పాటలకు ఆడతాను. నువ్వు కొట్టిన జెల్లలన్నీ ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

ఒళ్ళు తగ్గింది. దాంతోపాటు బేరాలూ తగ్గాయి. పక్క కొట్లో చపాతీలు చేసే ఆమె కవలల తల్లి, మన పద్ధతిలో అందరం నలొంగో అంటాం. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. నల్వోగా, నీ గౌనులో ఇంకొకరికి చోటుందే, అద్దెకిస్తావా అని అరిచేది. నవ్వినవాళ్ళు నవ్వారు, లెక్క వేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. ఒకరోజు ఎప్పుడూ వచ్చే బడిపంతులు ఇంటినుంచి సొంత పళ్ళెం తెచ్చుకుని, ఇందులో వడ్డించు అన్నాడు. వడ్డించాను. ఆయన వెళ్ళాక నాకూ ఒక పెద్ద పళ్ళెం పెట్టుకున్నాను. కాళ్ళు పోతే పోయాయి, మళ్ళీ లావెక్కి నా బతుకు నేను బతుకుతా అనుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

నలొంగో చూసి, తిను తిను, నాలుగు రోజుల్లో బుగ్గలొస్తే లోకం నోరు మూతపడుతుంది అంది. ఆ ముద్ద ఊసేశాను. లేచి నిలబడి, బజారంతా వినేలా చెప్పేశాను. అవునే, నాకు ఆ జబ్బు ఉంది, పదిహేనేళ్ళుగా ఉంది, నేను పీపాలా ఉన్నప్పుడూ ఉంది, మీరంతా నా వంట లొట్టలేసుకుంటూ తిన్నప్పుడూ ఉంది, అన్నం తింటే అంటదు, అంటితే ఇప్పటికి ఈ బజారులో ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు, ఇప్పుడు చిక్కింది షుగరుకు భయపడి అన్నాను. గరిటె కూడా ఊపానట. అది నాకు గుర్తు లేదు.

ఆ పంతులు మళ్ళీ రాలేదు. కొందరు వీధి అవతలినుంచి పోతున్నారు. కొందరు మాత్రం మర్నాడే వచ్చి కూర్చున్నారు, మాటలు తక్కువ మాట్లాడి, తినడం మామూలుగానే తిన్నారు. వాళ్ళను నేను చచ్చేదాకా మరిచిపోను.

ఒకరోజు నలొంగో తెల్లారకముందే మా ఇంటి తలుపు కొట్టింది. కొట్లాటకొచ్చిందనుకుని నేనూ నడుం బిగించాను. పొద్దున్నే నీ ఇంట్లోంచి పాటా అడుగుల చప్పుడూ వింటున్నా, ఆ ఆట నాకూ నేర్పుతావా, మెట్టెక్కితే మోకాళ్ళు కరకరమంటున్నాయి అంది. ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగిపోయింది. మా చెల్లి ఆ జబ్బుతోనే పోయింది, మేం గంజి గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేసేవాళ్ళం, ఎవరం లోపలికి వెళ్ళలేదు అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. ఆ పిల్లకు నాలాగే జబ్బు వచ్చింది గాని నాలాగ అత్త లేదు.

మొన్న నర్సు అకెల్లో నన్ను చూసి, షుగరు దారికొచ్చింది, బీపీ ఇంకా కాస్త మొండికేస్తోంది గాని అదీ లొంగుతుందంది. పాదాల్లో చురుకు కొద్దిగా తిరిగొచ్చింది. నీ నెయ్యిలో సగం నలొంగోకిచ్చాను, తిట్టకు. కోడిపెట్టను కోయలేదు, గుడ్లు పెడుతుందేమో చూస్తున్నాను. నువ్వు రెండుసార్లు నాకు ప్రాణం పోశావత్తా, ఒకసారి తినిపించి, ఒకసారి ఆడించి. ఈ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలనీ లేదు.

నీ చేతి గంజి తాగి లేచిన,
నల్వోగ.

తా.క. ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళూ నోరు రాలేదు. ఆ ఏడు నేను చాప మీద పడి ఉన్నప్పుడు నీ ఇంటి దూలం మీద మడత పెట్టిన కొత్త చెట్టుబెరడు గుడ్డ కనిపించింది. ఏమిటత్తా అంటే తలుపు తెరకు అన్నావు. అంత మంచి గుడ్డ తలుపుకు ఎవరు కడతారు? మనవాళ్ళు శవాన్ని చుట్టేది ఆ గుడ్డలోనే కదా, అది నాకోసం కొన్నావని ఆ రోజే తెలుసు. నేను పోతానని నువ్వూ అనుకున్నావు. అనుకుని కూడా, రోజూ నా తల ఒళ్ళో పెట్టుకుని గంజి పట్టావు. నేను మింగింది అందుకే అత్తా. పోయిన క్రిస్మస్‌కు చూశాను, అది ఇంకా అక్కడే ఉంది. శనివారం లుబోవ వ్యానులో వస్తున్నాను. ఈలోపు దాన్ని దింపి దుమ్ము దులుపు. ఆటకు నడుముకు చుట్టుకుంటాను. నిరుడైతే ఒక్క చుట్టే కష్టంగా వచ్చేది, ఇప్పుడు రెండు చుట్లొస్తుంది. కుండలో నీళ్ళు నింపి ఉంచు. చుక్క ఒలికితే జెల్ల కొట్టు.