గంట కథలో మింగేసిన ముక్క

గురువారం, రాత్రి.

పొద్దున్న హెచ్చెమ్ మేడం గారు స్టాఫందరినీ కూచోబెట్టి చెప్పేరు. "శాంతి వాళ్ళ నాన్న పోయి నెల కాలేదు. ఆ పిల్ల ఆయన మాట ఎత్తితే తప్పించకండి, మాట్లాడనివ్వండి." గంట కొట్టేవాణ్ణి, అందరికంటే గట్టిగా "ఆయ్" అన్నది నేనే.

భోజనాలయ్యాక శాంతి గంట దగ్గరికొచ్చింది. "తాతగారండీ, మా నాన్న ఈ బళ్ళోనే చదివేడంట కదండీ. ఎలా ఉండేవాడండీ?"

ఏడుస్తుందేమోనని హడలిపోయేను. గంట కథ ఎత్తుకున్నాను. అది రైలు పట్టా ముక్కని, జొన్నాడ నుంచి ఎడ్లబండి మీద తెచ్చేరని, దారిలో ఎద్దు అలిగిందని. ఆ ఎద్దు అలక మీదే పావుగంట లాగేను. అంతా విని, "ఆయ్, వెళ్ళొస్తానండీ" అని మర్యాదగా వెళ్ళిపోయింది.

ఆ కథకి అసలు చివర వేరే ఉంది. ఓ రోజు పది నిమిషాల ముందే గంట కొట్టేసి బడి మొత్తాన్ని ఇంటికి పంపేసిన గడుగ్గాయి ఎవరో కాదు, శాంతి వాళ్ళ నాన్నే. ఏటా కొత్త పిల్లలందరికీ చెప్పి నవ్విస్తాను. వినాల్సిన పిల్ల దగ్గర మాత్రం మింగేసేను.

తను మళ్ళీ అడగదు. రేపు నేనే వెళ్ళాలి, ఎద్దుని ఇంట్లో కట్టేసి.