అమ్మ ఎవరింటికి వచ్చినట్టు?

శాన్ మతేయో,
అక్టోబరు 20

చెల్లెలు అమాలియాకు, అక్క తోమాసా మండిపోతూ రాయించేది.

ఈ ఏడు చచ్చినవాళ్ళ పండక్కి నువ్వు కూడా పీఠం పెట్టి అమ్మని పిలుస్తున్నావట! అమ్మ పోయింది నా ఒళ్ళో. పూడ్చింది ఈ ఊళ్ళో. ఏడాదికి ఒక్క రాత్రి వస్తుంది, నా చేతి మొక్కజొన్న తమాలెలు తిని పోతుంది. మోకాళ్ళ నొప్పుల మనిషిని ప్యూబ్లా దాకా ఈడుస్తావా? బస్సెక్కితే వాంతులని తెలీదూ? పిలుపు మానుకో.

ఆశీస్సులతో,
తోమాసా

తా.క. సంతలో ఉత్తరాలు రాసిపెట్టే హిలారియోని. తిట్లు కొన్ని వదిలేశాను, కాగితం చాల్లేదు.

ప్యూబ్లా,
అక్టోబరు 26

అక్కకు నమస్కారాలు.

చచ్చినవాళ్ళకి బస్సెందుకే? ఇన్నేళ్ళూ నీ దగ్గరే తింది కదా, ఒక్కసారి నా మోలే పులుసు తిననీ. నేనూ ఆవిడ కడుపునే పుట్టాను. పిలిచి తీరతాను.

నీ చెల్లెలు,
అమాలియా

తా.క. పీఠం మీదికి అమ్మ ఫొటో అడిగితే ఇవ్వలేదుగా. మనం ముగ్గురం దిగిన దాంట్లోంచి నిన్ను కత్తిరించేశాను. పారెయ్యలేదులే, డ్రాయరులో ఉన్నావు.

శాన్ మతేయో,
నవంబరు 3

దొంగదానా!

సమాధి నుంచి గడప దాకా బంతిపూల రేకులు పరిచాను. సాంబ్రాణి వేశాను. తెల్లారి తమాలె కొరికి చూస్తే ఉప్పూ కారమూ చెక్కుచెదరలేదు! చచ్చినవాళ్ళు తింటే రుచి తీసుకుపోవాలా, వద్దా? అంటే అమ్మ నా గడప తొక్కలేదు. నీ పులుసు కోసం నన్ను వదిలేసింది. మా అమ్మని మాకు పంపించు.

తోమాసా

తా.క. ఈసారి ఆశీస్సులు లేవు.

ప్యూబ్లా,
నవంబరు 8

అక్కా,

నా మోలే కూడా ఘాటు ఘాటుగా అలాగే ఉందే! మా ఆయన రెండు పళ్ళేలు తిని "అద్భుతం" అన్నాడు. కొట్టబోయాను. నువ్వే అమ్మని పట్టి ఉంచావనుకుని రాత్రంతా ఏడ్చాను. నీ దగ్గరికీ రాకపోతే మరెక్కడికి పోయిందే?

కంగారుతో,
అమాలియా

తా.క. నా పిలుపు విని బయల్దేరి, దారి తప్పిందేమో. నాదే తప్పు.

శాన్ మతేయో,
నవంబరు 14

అమాలియా, ఏడుపు ఆపు. అమ్మ దొరికింది.

పక్కింటి కసిల్దా దగ్గరికి పోయింది! పండగ తెల్లారి కసిల్దా తమాలె చప్పగా ఉందట. అది సాక్ష్యం కాదనుకో, ఆవిడ వంట ఎప్పుడూ అంతే. కానీ పాత స్నేహితురాలని అమ్మ పేరున గ్లాసు నిండా మెస్కాల్ సారా పెట్టిందట. తెల్లారేసరికి వేలెడు తగ్గింది! అమ్మ చాటుగా పుచ్చుకునేదని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నేను మంచినీళ్ళు పెట్టాను. నువ్వేం పెట్టుంటావు? పాలే కదూ? కన్న కూతుళ్ళిద్దరినీ గ్లాసుడు సారాకి వదిలేసింది మహాతల్లి!

పైగా కసిల్దా నవ్వుతూ, "నా పిల్లలింకా కొట్టుకుంటున్నారా అని కల్లోకొచ్చి అడిగిందే మీ అమ్మ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగేదేదో ఇంటికొచ్చి అడగొచ్చుగా!

వచ్చే ఏడు ఒకటే పీఠం, ఇక్కడే. మోలే నువ్వు వండు. సీసా మంచిది పట్రా. డ్రాయరులోంచి నన్ను తీసి, జిగురు కూడా తెచ్చుకో.

ఆశీస్సులతో, పాతవీ కలిపి,
తోమాసా

తా.క. హిలారియోని. "నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందే" అన్న ముక్క చెప్పి, వెంటనే కొట్టెయ్యమన్నారు. కొట్టేశాను. కింద అక్షరాలు కనబడేలాగే కొట్టేశాను.